అమ్మకి ఎల్4-ఎల్5 ఫ్యూజన్ అంటున్నారు... కీహోలా, ఓపెనా? చేయించుకున్నవాళ్ళు చెప్పండి

తెనాలి_కిట్టు
అందరికీ నమస్తే అండి. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మా అమ్మకి 59. పాతికేళ్ళు మిషన్ కుట్టింది, పెళ్ళిళ్ళ సీజన్ అయితే రాత్రి ఒంటిగంట దాకా. నడుం నొప్పి ఎప్పట్నించో ఉంది కానీ ఈ ఏడాదిన్నరగా వేరే రకం. ఇంటి నుంచి రామాలయం 300 మీటర్లు కూడా ఉండదు, మధ్యలో రెండుసార్లు ఆగాలి. పిక్కలు బిగుసుకుపోయి కాళ్ళు బరువెక్కిపోతాయంట, కిళ్ళీ కొట్టు బెంచీ మీద ముందుకి వంగి రెండు నిమిషాలు కూర్చుంటే మళ్ళీ మామూలు మనిషి. తమాషా ఏంటంటే సూపర్ మార్కెట్లో ట్రాలీ పట్టుకుంటే గంటసేపు తిరుగుద్ది. మేము బద్ధకం అనుకున్నాం, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఎంఆర్ఐ లో ఎల్4 పూస ఎల్5 మీద ముందుకి జారింది, గ్రేడ్ 1 అని వచ్చింది, నరాల దారి కూడా బాగా ఇరుకైపోయిందంట. మందులు, ఫిజియో, నడుంలో స్టిరాయిడ్ ఇంజెక్షన్ అన్నీ అయిపోయాయి. ఇంజెక్షన్ 5 వారాలు పనిచేసింది అంతే.

విజయవాడలో ఒక డాక్టర్ గారు ఓపెన్ గా చేసి రెండు పూసల్ని కలిపి స్క్రూలు వేద్దాం (దాన్నే ఫ్యూజన్ అంటారంట), వారం ఉండాలి అన్నారు. హైదరాబాద్ లో ఇంకొకాయన కీహోల్ చేస్తాం, మూడో రోజు ఇంటికి, కాకపోతే బిల్లు దాదాపు రెండు లక్షలు ఎక్కువ అన్నారు. నాన్నేమో "పెద్ద కోత అయితే లోపలంతా కనపడుద్ది కదరా, బెజ్జంలోంచి ఏం చూస్తారు" అంటున్నాడు. అమ్మ "మీ ఇష్టం" అంటుంది, అంటే భయపడుతుందని అర్థం. ఏం చెయ్యాలో తెలీట్లేదు.

కరీంనగర్_మల్లన్న
తమ్మీ నాది 2017ల అయింది, ఓపెనే, రెండు లెవల్స్, అంటే రెండు జాగలల్ల, ఎల్4-5 ఎల్5-ఎస్1, ఆరు స్క్రూలు. ఉన్నది ఉన్నట్టు చెప్త, భయపడకు. మొదటి రెండు దినాలు మస్తు నొచ్చింది, కాలు గుంజుడు మాత్రం మత్తు దిగంగనే పోయింది గని నడుం అంతా ఎవరో గొడ్డలితోని కొట్టినట్టు. పక్కకు తిరగాల్నంటే ఇద్దరు పట్టుకొని దుంగను దొర్లించినట్టు దొర్లించేటోళ్ళు, నడుం మెలిక తిరగొద్దని. పక్కన గాయంల రక్తం కారే డ్రెయిన్ డబ్బా, రోజు నర్సమ్మ అచ్చి ఎంత నిండింది అని సూసి రాసుకునేది. మూడో రోజు వాకర్ పట్టి నిలబెట్టిండ్రు, ఏడో రోజు ఇంటికి. వీపు మీద గీత ఇప్పటికీ జానెడు ఉంటది.

గిప్పుడు బండి నడుపుత, పొలం పోత. మాపటికి నడుం పట్టేస్తది, గది ఉంటది. కానీ అప్పట్ల బాత్రూం దాక నడువలేనోన్ని.

బెంగళూరు_టెకీ38
నాది ఎంఐఎస్, అంటే కీహోలే, ఎల్5-ఎస్1, 2021. ఎముకలో చిన్నప్పటి నుంచే పగులు ఉండి దానివల్ల జారిందన్నారు. వీపు మధ్యలో కాకుండా అటొకటి ఇటొకటి ఇంచీ పైన కోతలు. మర్నాడు పొద్దున్న కాఫీ తాగి కారిడార్ చివరిదాకా నడిచాను, మూడో రోజు డిస్చార్జి, రక్తం ఎక్కించలేదు, డ్రెయిన్ కూడా లేదు.

కానీ యాడ్స్ లో చూపించినట్టు ఉండదండి. రెండో వారంలో ఎడమ కాలు మళ్ళీ మంటెక్కింది, నరం కోలుకుంటోంది అన్నారు, ఆరు వారాలు నరకం చూశా. పైన కోత చిన్నదే, లోపల చేసేది మాత్రం అదే ఆపరేషన్, పూసల మధ్య ఉండే మెత్తటి డిస్కు తీసెయ్యడం, ఆ చోట కేజ్ అనే చిన్న డబ్బాలాంటిది పెట్టడం, నాలుగు స్క్రూలు రెండు రాడ్లు. నేను ఆ సంగతి మర్చిపోయి నెలకే లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని ఆఫీసుకి పోయా, బుద్ధొచ్చింది.

రాజమండ్రి_సుధ
ఫాలోయింగ్. మా అత్తయ్యగారికి సేమ్ టు సేమ్, ట్రాలీ సంగతితో సహా.

ఓటీ_బాషా
నేను 11 ఏళ్ళుగా ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నీషియన్ ని. డాక్టర్ ని కాదు, నేను చూసింది చెప్తా. కిట్టు గారి నాన్నగారి ప్రశ్న చాలా మంచి ప్రశ్న.

ఓపెన్ లో పేషెంట్ ని బోర్లా పడుకోబెట్టి మధ్యలో కోస్తారు. వెన్నెముకకి రెండు పక్కలా కండ అతుక్కుని ఉంటుంది కదా, దాన్ని ఎముక మీద నుంచి ఒలిచి పక్కకి తోసి, అలాగే పట్టి ఉంచే రిట్రాక్టర్ బిగిస్తారు. అప్పుడు ఎముక తెల్లగా మొత్తం కనపడుతుంది, స్క్రూ ఎక్కడ దిగాలో కంటితో చూసి వేస్తారు. నాన్నగారు అన్నది ఇదే. కాకపోతే ఆ కండ మూడు గంటలు అలా లాగిపెట్టి ఉంటుంది, రక్తప్రసరణ తగ్గి కొంత దెబ్బతింటుంది, తర్వాత నెలలకొద్దీ వీపు పట్టేసినట్టు ఉండడానికి అదొక కారణం అని మా సర్జన్లు అంటుంటారు.

ఎంఐఎస్ లో కండని ఒలవరు, పోగుల మధ్యలోంచి దారి చేస్తారు. ముందు సన్నటి గొట్టం, దానిమీద ఇంకొంచెం లావుది, దానిమీద ఇంకోటి, మన స్టీలు డబ్బాల సెట్టు ఒకదాంట్లో ఒకటి పడుతుంది చూడండి అలా. చివర్న సుమారు 22 మిల్లీమీటర్ల గొట్టం మిగుల్తుంది, లోపలివి తీసేస్తారు. పైన మైక్రోస్కోప్. ఆ గొట్టంలోంచే కీలు ఎముక కొంత తీసి, నరం మీద ఒత్తిడి తీసి, డిస్కు గోకి కేజ్ పెడతారు. గొట్టాన్ని వాల్చి అవతలి పక్క నరాన్ని కూడా ఇటునుంచే వదులు చేసేవాళ్ళున్నారు, చూడ్డానికి ముచ్చటేస్తుంది. స్క్రూలు మాత్రం చర్మంలోంచే, ముందు సూది, సూదిలోంచి సన్నటి తీగ, తీగ మీదుగా బోలు స్క్రూ. ప్రతి అడుగుకీ సీఆర్మ్ ఎక్స్‌రే కొట్టి చూడాలి. అందుకే ఎంఐఎస్ రోజు మేమందరం సీసం కోటు, మెడకి కాలర్ వేసుకుని మూడు గంటలు నిలబడతాం, సాయంత్రానికి మా నడుములు పోతాయి, ఎవరికి చెప్పుకోవాలి :)

రక్తం పీల్చే సక్షన్ బాటిల్ చూస్తే మాత్రం తేడా కళ్ళకి కట్టినట్టు తెలుస్తుంది. ఓపెన్ లో అడుగు నుంచి బాగా పైకి వస్తుంది, ఎంఐఎస్ లో అడుగున కొంచెం.

తెనాలి_కిట్టు
బాషా గారు ఇంత వివరంగా ఏ డాక్టరూ చెప్పలేదండి, నాన్నకి చదివి వినిపించా. ఆయన ఇప్పుడు "మరి అన్ని ఎక్స్‌రేలు కొడితే అమ్మకి ఏమీ కాదా" అంటున్నాడు.

ఓటీ_బాషా
పేషెంట్ కి ఒక్కసారే కదండీ. రోజూ ఆ గదిలో ఉండే మాకు ఎక్కువ. పెద్ద సెంటర్లలో ఇప్పుడు నావిగేషన్, రోబో వచ్చాయి, ఆపరేషన్ మధ్యలోనే స్కాన్ తీసి స్క్రీన్ మీద దారి చూపిస్తుంది. బిల్లులో అది కూడా కనిపిస్తుంది లెండి.

పల్లె_వైద్యం
అసలు ఆపరేషన్ ఎందుకండీ, ఒకసారి నడుముకి కత్తి పెడితే మళ్ళీ మళ్ళీ పెట్టాల్సిందే. మా వైపు పసరు కట్టు కట్టేవాళ్ళు ఉన్నారు, జారిన పూసని చేత్తో లోపలికి తోసేస్తారు, 3 వారాలు కట్టు, 41 రోజులు పథ్యం. నంబర్ కావాలంటే

నిర్వాహకుడు
ఫోన్ నంబర్ తీసేశాను. డాక్టర్ల పేర్లు, ఆసుపత్రుల పేర్లు, వైద్యుల నంబర్లు ఇక్కడ పెట్టొద్దని ముందే రాసి ఉంది. అనుభవం రాయండి, అడ్రస్ వద్దు.

ఫిజియో_లావణ్య
పల్లె వైద్యం గారూ గౌరవంతోనే చెప్తున్నా, గ్రేడ్ 1 జారుడు అంటే పూస నాలుగో వంతు లోపు జరిగిందని, అది చేత్తో తోస్తే వెనక్కి పోయేది కాదండి. నరాల దారి ఇరుకైన మనిషికి నడుం మీద మోకాలు పెట్టి నొక్కితే ఏమవుతుందో ఒక కేసు చూశాను, మళ్ళీ చూడాలని లేదు.

కిట్టు గారూ ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. అమ్మకి ఎప్పుడైనా ఒంటికి రావడం ఆగిపోయినా, తెలీకుండా వచ్చేస్తున్నా, కూర్చునే చోట మొద్దుబారినా, పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా ఇక ఓపెనా కీహోలా అని చర్చ పెట్టొద్దు, ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. ఆడవాళ్ళు ఇది చెప్పుకోరు, మీరే అడగాలి, లేదా చెల్లితో అడిగించండి.

అది లేనంతవరకు తొందర లేదు, నిదానంగా నిర్ణయం తీసుకోవచ్చు.

ఆర్థో_పీజీ_రాత్రిడ్యూటీ
డ్యూటీలో ఉన్నా, మధ్యమధ్యలో రాస్తున్నా, తప్పులుంటే క్షమించండి. అందరూ కోత పెద్దదా చిన్నదా అనే మాట్లాడుతున్నారు. నా దృష్టిలో మొదటి ప్రశ్న అది కాదు. అసలు స్క్రూలు కావాలా వద్దా?

అమ్మగారి బాధ ఎక్కువగా కాళ్ళది, నడిస్తే వచ్చేది, వంగితే పోయేది. అది నరాల దారి ఇరుకు వల్ల. ఆ దారి వెడల్పు చెయ్యడం ఒక ఆపరేషన్, దాన్ని డీకంప్రెషన్ అంటాం. పూసల్ని కలిపేసి బిగించడం ఫ్యూజన్, దానికి అదనం. 2016లో ఒకే జర్నల్లో ఒకేసారి రెండు ట్రయల్స్ వచ్చాయి. స్వీడన్ వాళ్ళు 247 మందిని చూసి ఫ్యూజన్ కలిపినా కలపకపోయినా రెండేళ్ళకి తేడా లేదన్నారు. అమెరికా వాళ్ళది చిన్నది, 66 మంది, అందరికీ అమ్మగారిలాగే గ్రేడ్ 1 జారుడు, అందులో ఫ్యూజన్ చేసినవాళ్ళు కొంచెం మెరుగ్గా ఉన్నారు, పైగా మళ్ళీ ఆపరేషన్ చేయాల్సొచ్చింది ఫ్యూజన్ గ్రూపులో 14 శాతం, చేయనివాళ్ళలో 34 శాతం. 2021లో నార్వే వాళ్ళు 267 మందితో చేస్తే ఉత్త డీకంప్రెషన్ తో 71 శాతం మందికి, ఫ్యూజన్ తో 73 శాతం మందికి తగినంత గుణం కనిపించింది, అంటే దాదాపు సమానం.

ఇక్కడో మెలిక ఉంది. ఈ లెక్కలు వయసుతో జారిన పూసలకి. టెకీ గారిలా ఎముక పగిలి జారినవాళ్ళకి ఇవి వర్తించవు. ఇంకోటి, పూస కదులుతోందా లేదా అన్నది ఎంఆర్ఐ లో తెలీదు, పడుకోబెట్టి తీస్తారు కాబట్టి. నిలబెట్టి, ముందుకి వంచి ఒకటి, వెనక్కి వంచి ఒకటి మామూలు ఎక్స్‌రేలు తీయాలి. మీ రిపోర్టుల్లో అవి ఉన్నాయా?

తెనాలి_కిట్టు
లేవు సార్. రెండు చోట్లా ఎంఆర్ఐ మాత్రమే చూశారు.

ఆర్థో_పీజీ_రాత్రిడ్యూటీ
కొన్ని వందల రూపాయల ఎక్స్‌రే అది. లక్షల ప్యాకేజీ మాట్లాడే ముందు అది తీయించండి. క్యాజువాలిటీ నుంచి పిలుస్తున్నారు, మళ్ళీ వస్తా.

గచ్చిబౌలి_వాసు
సారీ కానీ పీజీ గారు విషయాన్ని కాంప్లికేట్ చేస్తున్నారు. నేను ఎంఐఎస్ చేయించుకున్నా, సూపర్. 2024లో కూడా వీపు చీరుకునే వాళ్ళు ఉన్నారంటే ఆశ్చర్యం. డబ్బుంటే కీహోలే, డౌటే లేదు. ఓపెన్ చేసేవాళ్ళు కొత్తది నేర్చుకోని వాళ్ళు, సింపుల్.

కరీంనగర్_మల్లన్న
ఏందన్నా వీపు చీరుడు ఏంది. నాకు చేసినాయన పుణ్యాన నడుస్తున్న. డబ్బున్నోని నడుం వేరే లేనోని నడుం వేరేనా.

గచ్చిబౌలి_వాసు
మిమ్మల్ని అనలేదు అన్నా, జనరల్ గా చెప్పా.

ఆర్థో_పీజీ_రాత్రిడ్యూటీ
వాసు గారూ, నేర్చుకోనివాళ్ళు అనడం అన్యాయం. కొన్నిటికి ఓపెనే చేస్తారు. పూస సగం పైన జారితే, వెన్ను వంకర సరిచేయాలంటే, నాలుగైదు లెవల్స్ ఉంటే, పాత ఆపరేషన్ చోట మళ్ళీ చేయాలంటే చాలామంది పెద్ద సర్జన్లు ఓపెనే అంటారు. ఒకటి రెండు లెవల్స్, చిన్న జారుడు, లావు మనిషి అయితే ఎంఐఎస్ బాగా కలిసొస్తుంది, లావుగా ఉన్నవాళ్ళకి ఓపెన్ లో లోతు ఎక్కువై కోత ఇంకా పెంచాలి, ఇన్ఫెక్షన్ భయం కూడా ఎక్కువ.

రెండూ పోల్చిన అధ్యయనాలు చాలా ఉన్నాయి, అన్నీ ఇంచుమించు ఒకటే చెప్తాయి. ఎంఐఎస్ లో రక్తం తక్కువ పోతుంది, ఆసుపత్రిలో రోజులు తక్కువ, మొదటి వారాల నొప్పి తక్కువ, గాయం చీము పట్టడం తక్కువ. ఏడాది రెండేళ్ళు గడిచాక మనిషిని అడిగితే నొప్పి స్కోరు, పని చేసుకునే స్కోరు, ఎముక అతుక్కోవడం అన్నీ దాదాపు ఒకే దగ్గరికి వచ్చేస్తాయి. అంటే మీరు కొనుక్కునేది మొదటి రెండు మూడు నెలల సుఖం. అది చిన్న విషయం అనట్లేదు, ఒంటరిగా ఉండేవాళ్ళకి, తొందరగా పనికెళ్ళాల్సినవాళ్ళకి చాలా పెద్ద విషయం. కానీ పదేళ్ళ తర్వాత నడుం ఎలా ఉంటుందన్నది కోత సైజు బట్టి ఉండదు.

ఇంకోటి, ఈ రెండింటి మధ్యలో దారి కూడా ఉంది. కండని ఒలవకుండా రెండు కండరాల మధ్య సహజంగా ఉండే సందులోంచి వెళ్ళడం. విల్ట్సీ అనే అమెరికన్ సర్జన్ 1968లోనే రాశాడు. గొట్టాలు గట్రా లేకుండా కొంచెం పెద్ద కోతతో అదే దారిన వెళ్ళేవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు, మినీ ఓపెన్ అంటారు. కరపత్రాల్లో కనపడదు, ఎందుకంటే దానికి కొత్త మిషన్ ఏదీ అక్కర్లేదు.

లెస్టర్_నర్స్_అక్క
యూకే నుంచి. ఇక్కడ 2016 నుంచి నైస్ అనే ప్రభుత్వ సంస్థ గైడ్‌లైన్ ఏంటంటే ఉత్త నడుం నొప్పికి ఫ్యూజన్ చెయ్యొద్దు, ట్రయల్ లో భాగంగా అయితే తప్ప. కాళ్ళకి నరాల బాధ ఉన్న మీ అమ్మగారి కేసు వేరు తమ్ముడూ, కంగారు పడకు. కానీ ఇండియా వచ్చినప్పుడల్లా చూస్తుంటాను, మా చుట్టాల్లో నడుం పట్టేసిందని వెళ్ళినవాళ్ళకి కూడా స్క్రూలు అంటున్నారు. మన ఎంఆర్ఐ లు తీస్తే నలభై దాటినవాళ్ళలో చాలామందికి ఏదో ఒక డిస్కు ఉబ్బు కనపడుతుంది, అది నొప్పి ఇస్తోందని కాదు. వెంట్రుకలు తెల్లబడ్డట్టే అదీ.

లేజర్ తో గంటలో నయం, కుట్టు లేదు రక్తం లేదు అనే యాడ్స్ జోలికి మాత్రం పోకు. లేజర్ కి ఎముకలు అతికించే విద్య రాదు.

అనంతపురం_సైట్‌ఇంజినీర్
మా బావకి చేసినప్పుడు డాక్టరు చెప్తాంటే నాకు మా పని గుర్తొచ్చింది, మీకూ అర్థమవుతాదని చెప్తాండా. స్లాబు పోసినాక సెంట్రింగ్ ఎందుకు పెడతాం? కాంక్రీటు గట్టిపడేదాకా మోయడానికి. ఈ స్క్రూలు రాడ్లు అంతే, సెంట్రింగ్. అసలు స్లాబు ఏందంటే రెండు పూసల మధ్య పెట్టిన ఎముక పొడి, అది అతుక్కుని ఒకటే ముక్క కావాల. మావోడు ఆపరేషన్ అంటే స్క్రూలే అనుకున్యాడు. ఎముక అతుక్కోడానికి ఆర్నెల్ల నుంచి ఏడాది. సెంట్రింగ్ మీద భారం ఎక్కువ రోజులు పడితే ఏదో ఒక రోజు వంగతాది లేదా విరగతాది.

ఇంక క్యూరింగ్. నీళ్ళు పెట్టకుండా స్లాబు వదిలేస్తే ఎట్లుంటాదో ఆపరేషన్ అయినాక సిగరెట్టు, ఖైనీ వేస్తే అట్లుంటాది.

ఫిజియో_లావణ్య
సైట్ ఇంజినీర్ గారూ, ఇది నేను రేపట్నుంచి క్లినిక్ లో వాడుకుంటా, రాయల్టీ అడగొద్దు.

నెల్లూరు_చిన్నా
ఖైనీ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, మా మామయ్యది. ఎంఐఎస్ ఫ్యూజన్, పెద్ద ఆసుపత్రి, పేరు చెప్పను. నాలుగో రోజు ఇంటికి వచ్చాడు, ఊరంతా చూడ్డానికి వచ్చి "అరే నడుస్తున్నాడే" అన్నారు. డిస్చార్జి కాగితంలో ఇంగ్లీషులో పొగాకు వద్దని ఒక లైను ఉందంట, ఎవరూ నోటితో చెప్పలేదు, మూడు నెలల సగటు షుగర్ చూసే హెచ్‌బీఏ1సీ కూడా 9 మీద ఉంది, అయినా చేసేశారు. మావాడు రోజూ ఖైనీ. 14 నెలలకి నడుంలో టక్కుమంది. స్క్రూ విరిగింది. సీటీ తీస్తే ఎముక అసలు అతుక్కోలేదు. రెండోసారి వేరే ఊళ్ళో ఓపెన్ గా చేసి తుంటి ఎముక నుంచి కొంత ముక్క తీసి అక్కడ పెట్టారు. మొదటిసారి చేసినవాళ్ళని అడిగితే "పేషెంట్ జాగ్రత్తలు తీసుకోలేదు" అన్నారు. కొంత నిజమే, కానీ ఆపరేషన్ కొన్నాళ్ళు ఆపి షుగర్ తగ్గించి చేస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?

కిట్టు గారూ అమ్మకి షుగర్ ఉందా, ఎముకల గట్టితనం చూసే డెక్సా స్కాన్ తీశారా, విటమిన్ డి? ఎముక గుల్లగా ఉంటే స్క్రూ పట్టు దొరకదు, మెత్తటి గోడలో మేకు కొట్టినట్టే.

రాజమండ్రి_సుధ
ఖర్చు సంగతి ఎవరైనా చెప్పండి. ఆరోగ్యశ్రీ లో వస్తుందా?

ఓటీ_బాషా
సుధ గారూ, రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ స్కీముల్లో వెన్నెముక ఆపరేషన్లు కొన్ని ఉన్నాయి, నెట్‌వర్క్ ఆసుపత్రిలో స్కీము హెల్ప్ డెస్కు దగ్గర మీ రిపోర్టు పెట్టి అడగండి, అప్రూవల్ వచ్చాకే చేరండి. ప్రైవేట్ ఇన్సూరెన్స్ అయితే ఇంప్లాంట్ లెక్క విడిగా రాయించుకోండి. ఎన్ని స్క్రూలు, కేజ్ టైటానియమా, పీక్ అనే ప్లాస్టిక్కా, కంపెనీ ఏది, స్టిక్కర్లు కేస్ షీట్ లో అతికిస్తారు, వాటి ఫోటో తీసుకోండి. రేపు ఎప్పుడైనా మళ్ళీ చేయాల్సొస్తే ఏ స్క్రూడ్రైవర్ పడుతుందో ఆ స్టిక్కరే చెప్తుంది. నిజంగా, స్టిక్కర్ లేక మేము ఓటీలో నాలుగు సెట్లు తెప్పించి వెతుక్కున్న రోజులున్నాయి.

బిల్లు ఎక్కువ అవడానికి కారణం బోలు స్క్రూలు, ఒకసారికి వాడి పారేసే సామాను. కానీ గది రోజులు తగ్గుతాయి కాబట్టి రెండు లక్షల తేడా మొత్తం నిజమైన తేడా కాకపోవచ్చు, రెండు ఎస్టిమేట్లు పక్కపక్కన పెట్టి చూడండి.

తెనాలి_కిట్టు
అందరికీ చాలా థాంక్స్ అండి. ఎక్స్‌రేలు తీయించాను. నిలబడితే 4 మిల్లీమీటర్లు, ముందుకి వంగితే 9 అయింది. డెక్సా మైనస్ 2.1. విటమిన్ డి 11. షుగర్ లేదు. పీజీ గారూ, ఇది ఏంటి మరి?

ఆర్థో_పీజీ_రాత్రిడ్యూటీ
పూస బాగానే కదులుతోంది. ఫిల్ములు నేను చూడలేదు కాబట్టి ఇది అభిప్రాయం మాత్రమే, కానీ ఇంత కదిలితే ఉత్త డీకంప్రెషన్ చెయ్యడానికి చాలామంది వెనకాడతారు, ఫ్యూజన్ అనడంలో అర్థం ఉంది. ఎముకలు కొంచెం పలచన, మరీ గుల్ల కాదు. విటమిన్ డి ముందు పెంచండి.

ఇప్పుడు ఇద్దరు డాక్టర్ల దగ్గరికీ వెళ్ళి ఒకే ప్రశ్న అడగండి. సార్, ఈ పద్ధతిలో మీరు నెలకి ఎన్ని చేస్తారు? ఎంఐఎస్ చేతికి అలవాటవడానికి టైం పడుతుంది. మొదటి కేసుల్లో టైం ఎక్కువ పడుతుంది, నరాల పొర చిరగడం, స్క్రూ పక్కకి పోవడం లాంటివి జరిగే అవకాశం ఎక్కువ. ఆ నేర్చుకునే కేసు మీ అమ్మగారు కాకూడదు. అలాగే మధ్యలో ఇబ్బందొస్తే ఓపెన్ చేస్తారా అని కూడా అడగండి. ఈ ప్రశ్నకి కోపం వచ్చే డాక్టర్ అయితే అదే మీకు జవాబు.

తెనాలి_కిట్టు (అయిదు నెలల తర్వాత)
చాలామంది మెసేజ్ పెట్టి అడిగారు, అందుకే మళ్ళీ రాస్తున్నా.

ఇద్దర్నీ అడిగాం. హైదరాబాద్ లో డాక్టర్ గారిని కలవనివ్వలేదు, ప్యాకేజీ కౌన్సెలర్ అనే అమ్మాయి "సార్ చాలా చేశారు అండి, వేలల్లో" అని ఈ వారం చేరితే డిస్కౌంట్ అంది. విజయవాడ డాక్టర్ గారు నవ్వి "కీహోల్ నెలకి ఒకటో రెండో, ఓపెన్ వారానికి రెండు మూడు. మీ అమ్మగారికి పక్క నుంచి కండ ఒలవకుండా చేస్తా, కానీ బెజ్జంలోంచి చెయ్యమంటే నాకన్నా బాగా చేసేవాళ్ళున్నారు, రాసిస్తా వెళ్ళండి" అన్నారు. నాన్న బయటికి వచ్చి "ఈయనే" అన్నాడు. అమ్మ మొదటిసారి "మీ ఇష్టం" అనలేదు, "ఈయనే" అని తనూ అంది.

ఆరు వారాలు విటమిన్ డి, తర్వాత ఆపరేషన్. పీజీ గారు చెప్పిన మినీ ఓపెన్. మూడున్నర గంటలు పట్టింది. రెండో రోజు రాత్రి అమ్మ ఏడ్చింది, మల్లన్న గారి పోస్టు చదివి ఉన్నా కాబట్టి నేను తట్టుకున్నా. అయిదో రోజు డిస్చార్జి. ఇంట్లో పీటలు అటక మీద పడేశాం, వెస్టర్న్ కమోడ్ మీద ఎత్తు సీటు బిగించాం, కుక్కర్ గిన్నెలు పైకి గట్టు మీదకి మార్చాం, వంగి ముగ్గెయ్యడం చెల్లికి అప్పగించాం. మల్లన్న గారు చెప్పినట్టు దుంగ దొర్లినట్టు లేవడం నేర్పించాం, ఆ మాటకి మనవరాలు నవ్వుతూ రోజూ పక్కన పడుకుని దొర్లేది.

గుడికి ఆగకుండా వెళ్ళొస్తుంది. కుడి కాలి బొటనవేలు ఇంకా మొద్దుగానే ఉంది, అది పోవచ్చు పోకపోవచ్చు అన్నారు. పొద్దున్న లేచాక పది నిమిషాలు నడుం బిర్రుగా ఉంటుందంట. మూడు నెలల ఎక్స్‌రేలో ఎముక అతుక్కోవడం మొదలైంది అన్నారు, ఏడాదికి మళ్ళీ చూస్తారు.

ఒక్క డౌటు, లావణ్య గారికి. నిన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి మిషన్ మీద దుప్పటి తీసేసి ఉంది, నూనె కూడా వేసింది. కుట్టొచ్చా?

ఫిజియో_లావణ్య
ముందు డాక్టర్ గారి మాట తీసుకోండి. సరే అంటే, కాళ్ళతో తొక్కేది వద్దు, మోటార్ పెట్టించండి. వీపుకి ఆనుడు ఉన్న కుర్చీ, బల్ల ఎత్తు మోచేతి దగ్గరికి, గుడ్డ కోసం కిందకి వంగకూడదు. 20 నిమిషాలకి అలారం పెట్టి లేపి నడిపించండి.

కరీంనగర్_మల్లన్న
అమ్మకు నా దండాలు చెప్పు తమ్మీ.

తెనాలి_కిట్టు
చెప్పా అన్నా. డాక్టర్ గారు ఓకే అన్నారు, మోటార్ పెట్టించాం, అలారం కూడా. అలారం ఆపేసి కుడుతుంది.